నూటికి నూరు దాటిన లెక్క

పరీక్షలో తనకు నూటికి నూటమూడు మార్కులు వచ్చాయని మీ స్నేహితుడు చెబితే మీరేమంటారు? మెచ్చుకునే ముందు ఆ మార్కులు కూడిందెవరో కనుక్కోమంటారు. ఎక్కడో తప్పు జరిగిందని మీకు వెంటనే తెలిసిపోతుంది. ఎందుకంటే నూరులో నూటమూడు ఉండవు.

అలాంటి మార్కులే మనం కొంతకాలం క్రితం రోజూ పత్రికల్లో చదివాం. 2021, 2022 సంవత్సరాల్లో కోవిడ్ టీకా లెక్కలు మన దేశంలో పలుచోట్ల నూటికి నూరు దాటాయి. 2021 డిసెంబరు చివర్లో తెలంగాణ రాష్ట్రం అర్హులైన వయోజనులందరికీ మొదటి డోసు పూర్తయిందని, పెద్ద రాష్ట్రాల్లో ఈ ఘనత సాధించిన మొదటి రాష్ట్రం తమదేనని ప్రకటించింది. ఆ తర్వాత నెలల్లో ఆ అంకె నూరు దగ్గర ఆగక ఇంకా పైకి పోయింది. ఎండలో, వానలో, పడవల మీద, కాలినడకన టీకాలు మోసుకెళ్ళిన ఆరోగ్య కార్యకర్తల శ్రమలో లోపమేమీ లేదు. లోపం లెక్కలో ఉంది. లెక్క నూరు చూపించగానే అధికారి కళ్ళు ఆ ఊరి మీదనుంచి మరో ఊరి మీదికి మళ్ళుతాయి. నిజంగా టీకా అందని ముసలమ్మ ఆ నూరు వెనక ఉండిపోతుంది.

టీకా అందని వృద్ధులు ఎక్కడున్నారో ప్రజారోగ్య గణాంకాలతో కనిపెట్టవచ్చని నిపుణులు అంటారు. అది నిజమే. కాని అన్ని గణాంకాలూ ఈ పని ఒకేలా చేయవు. కొన్ని చూపిస్తాయి, కొన్ని దాచిపెడతాయి. ఈ మహమ్మారి కాలంలో మన దేశంలోను, మరో మూడు చోట్ల వాడిన లెక్కలు వేటిని చూపించాయో, వేటిని దాచాయో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

వృద్ధులనే ఎందుకు వెతకాలి?

వయసు మీదపడే కొద్దీ శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ మందగిస్తుంది. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో టీ కణాలు పరిపక్వం చెందుతాయి. ఆ గ్రంథి యవ్వనం నుంచే కుంచించుకుపోతూ వస్తుంది. కొత్త సూక్ష్మజీవిని గుర్తుపట్టే కణాల ఉత్పత్తి తగ్గిపోతుంది. దానికి తోడు మధుమేహం, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉంటాయి. అందుకే పాతికేళ్ళ యువకుణ్ణి నాలుగు రోజులు మంచాన పడేసే ఇన్‌ఫ్లుయెంజా డెబ్భై అయిదేళ్ళ వృద్ధుణ్ణి ఆసుపత్రి పాలు చేస్తుంది. న్యుమోకోకస్ అనే బాక్టీరియా, కోవిడ్ వైరస్ కూడా అంతే.

పిల్లల టీకాలకు మన దేశంలో 1985 నుంచి సార్వత్రిక కార్యక్రమం ఉంది. బిడ్డ పుట్టగానే పేరు నమోదవుతుంది, కార్డు ఇస్తారు, ఏ నెలలో ఏ టీకానో అందులో ఉంటుంది. బిడ్డ రాకపోతే ఏఎన్ఎం ఇంటికి వస్తుంది. వృద్ధుడికి అలాంటి కార్డు లేదు. అరవయ్యో ఏడు నిండిన రోజున అతని పేరు ఏ టీకా పుస్తకంలోకీ ఎక్కదు. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే చిక్కులన్నీ సులువుగా అర్థమవుతాయి.

లవం ఎవరు రాస్తారు? హారం ఎవరు రాస్తారు?

శాతం అంటే ఒక భిన్నం. పైన లవం, కింద హారం. టీకా వేసుకున్నవాళ్ళు లవం, వేసుకోవలసినవాళ్ళు హారం. పత్రికలు, టీవీలు లవాన్ని గురించే మాట్లాడతాయి: ఈ రోజు ఇన్ని లక్షల డోసులు వేశారని. హారం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్ళు తక్కువ.

ఒక పట్టణాన్ని ఊహించుకోండి. అక్కడ అరవై దాటినవాళ్ళు 10,000 మంది అని ఆరోగ్య శాఖ పుస్తకంలో ఉంది. 9,600 మందికి మొదటి డోసు వేశారు. 96 శాతం! ఇంకా మిగిలింది 400 మందే. కాని ఆ 10,000 పాత అంచనా. ఈలోపల ఎంతోమంది అరవై దాటారు. ఊళ్ళలోని తల్లిదండ్రులు పట్నంలో కొడుకుల దగ్గరికి వచ్చి చేరారు. అసలు సంఖ్య 12,000 అనుకుందాం. అప్పుడు 9,600 అంటే 80 శాతం. మిగిలినవాళ్ళు 2,400 మంది, అంటే ఆరు రెట్లు.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. ఆ 9,600 మందిలో 600 మంది చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి పట్నంలో టీకా వేయించుకున్నారు. లెక్క మాత్రం పట్నానికి పడింది. పట్నంవాళ్ళు 9,000 మందే కాబట్టి అసలు శాతం 75. అటు ఆ 600 మంది సొంత పల్లెలు ఉన్నదానికంటే వెనకబడినట్టు కనిపిస్తాయి. పటంలో పట్నానికి ముదురు ఆకుపచ్చ, పల్లెకు ఎరుపు రంగు వేస్తారు. రెండూ తప్పే.

ఇందులోని అంకెలు కల్పితం, చిక్కు మాత్రం నిజమైనది. మన దేశంలో చివరి జనగణన 2011లో జరిగింది. అప్పుడు అరవై దాటినవాళ్ళు సుమారు 10.4 కోట్లు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని తర్వాతి జనగణన జరుపుతామని 2025లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అంటే కోవిడ్ టీకాల కాలంలో జిల్లాలవారీ హారాలన్నీ పదేళ్ళనాటి లెక్కమీద కట్టిన అంచనాలే. అంచనా రాష్ట్రానికి కొంతవరకు సరిపోతుంది. జిల్లాకు వచ్చేసరికి సడలుతుంది. వార్డుకు, బస్తీకి, తండాకు వచ్చేసరికి దాదాపు పనికిరాదు. వలసలు ఎక్కువగా జరిగేది అక్కడే.

కోవిన్ అనే కంప్యూటర్ వేదిక 2021 జనవరి 16న మొదలైన టీకా కార్యక్రమానికి వెన్నెముకగా నిలిచింది. 2022 జూలై 17 నాటికి దేశంలో 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. ఇంత పెద్ద పనిని ఒకే పుస్తకంలో రాయగలగడం సామాన్యమైన విషయం కాదు. కాని ఆ పుస్తకం లవాల పుస్తకం. టీకా ఏ కేంద్రంలో వేశారన్నదాన్ని బట్టి అది జిల్లా లెక్క చూపించేది. వేయించుకున్న మనిషి ఏ ఊరివాడన్నది దాని పటంలో లేదు.

అమెరికా చేసిన సర్దుబాటు

హారం చిక్కు పేదదేశాలకే పరిమితమని అనుకోవద్దు. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రాలు అనే ప్రభుత్వ సంస్థ 65 దాటినవారి మొదటి డోసు లెక్కలు ప్రకటిస్తూ వచ్చింది. చాలాచోట్ల అది దాదాపు నూరు దగ్గరికి చేరింది. నూరు దాటకుండా 99.9 దగ్గర అంకెకు మూత పెట్టారు. 2021 డిసెంబరులో ఆ మూతను 95కు దించారు. లెక్క 95 దాటినచోటల్లా ఇకనుంచి 95 అనే చూపిస్తారన్నమాట.

దీనికి కారణం ఈసారి లవంలో ఉంది. ఒక మనిషి మొదటి డోసు ఒక రాష్ట్రంలో, రెండోది మరో రాష్ట్రంలో, మూడోది మందుల దుకాణంలో వేయించుకుంటే, ఆ మూడూ ఒకే మనిషివని గుర్తించడానికి దేశమంతటికీ ఒకే పుస్తకం లేదు. కాబట్టి కొన్ని రెండో డోసులు, బూస్టర్లు కొత్త మనుషుల మొదటి డోసులుగా లెక్కలో పడ్డాయి. ఒకే మనిషి ఇద్దరయ్యాడు.

మూత పెట్టడం నిజాయితీగా చేసిన పనే. ఎందుకు పెట్టామో ఆ సంస్థ బాహాటంగా చెప్పింది. అయినా శాస్త్ర విద్యార్థిగా మీరు దీన్ని విమర్శించాలి. జ్వరం 104 చూపిస్తోందని థర్మామీటరు మీద 100 దగ్గర గీత గీసి, ఆపైన కనిపించకుండా చేస్తే జ్వరం తగ్గదు. తప్పు 95 పైన ఉన్న జిల్లాల్లోనే జరిగిందా? 70 చూపిస్తున్న జిల్లాలో కూడా అదే తప్పు జరిగి ఉండవచ్చు. అక్కడ అసలు అంకె 62 కావచ్చు. నూరు దాటిన తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి దొరికింది. నూరు దాటని తప్పు దొరకదు. టీకా అందనివాళ్ళను వెతికేవాడికి కావలసింది ఆ దొరకని తప్పే.

సగటు కప్పే దుప్పటి

లవం, హారం రెండూ సరిగ్గా ఉన్నాయనుకుందాం. అయినా ఇంకో చిక్కు ఉంది.

ఒక జిల్లాలో లక్షమంది వృద్ధులున్నారు. పది మండలాలు, మండలానికి పదివేల మంది. 90,000 మందికి టీకా అందింది. జిల్లా లెక్క 90 శాతం. ఇప్పుడు రెండు రకాలుగా ఊహించండి. మొదటిది: ప్రతి మండలంలోను 9,000 మందికి అందింది. రెండోది: తొమ్మిది మండలాల్లో 96 శాతం చొప్పున 86,400 మందికి అందింది, పదో మండలంలో 3,600 మందికే, అంటే 36 శాతం. కూడి చూడండి, రెండుసార్లూ 90,000 వస్తుంది. జిల్లా కలెక్టరు బల్లమీది కాగితానికి ఈ రెండు జిల్లాలూ ఒకటే. అంటువ్యాధికి కాదు. రెండో జిల్లాలో అది పదో మండలంలోకి ప్రవేశిస్తే అడ్డూ అదుపూ ఉండదు. టీకా అందనివాళ్ళు సాధారణంగా చెల్లాచెదురుగా ఉండరు. ఒకే గూడెంలోనో, ఒకే బస్తీలోనో, ఒకే భాష మాట్లాడేవాళ్ళలోనో, ఒకే రకం పని చేసి బతికేవాళ్ళలోనో గుంపుగా ఉంటారు.

ఈ దుప్పటిని ఎలా తొలగించాలో ఇంగ్లండులో కొందరు పరిశోధకులు చేసి చూపించారు. అక్కడ దాదాపు ప్రతి మనిషి పేరూ ఒక కుటుంబ వైద్యుడి దగ్గర నమోదై ఉంటుంది. అంటే హారం ముందే తయారుగా ఉంది. ఆ రికార్డులో వయసు, జబ్బులు, నివాస ప్రాంతం, చాలామందికి జాతి వివరం కూడా ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, లండన్‌లోని పరిశుభ్రత, ఉష్ణమండల వైద్య కళాశాల పరిశోధకులు 2020లో ఓపెన్‌సేఫ్‌లీ అనే వేదికను తయారుచేశారు. దాని సాయంతో 5.79 కోట్ల మంది రికార్డులను పరిశీలించి టీకా ఎవరికి అందిందో లెక్కకట్టారు.

2021 మార్చి 17 నాటికి, వృద్ధాశ్రమాల్లో కాక బయట ఉంటున్న 80 ఏళ్ళు దాటినవాళ్ళలో 94.7 శాతం మందికి టీకా అందింది. ఎంత గొప్ప అంకె! అక్కడితో ఆపి ఉంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. వాళ్ళు ఆపలేదు. అదే వయసువాళ్ళను జాతులవారీగా విడదీశారు. శ్వేతజాతి వృద్ధుల్లో 96.2 శాతం, నల్లజాతి వృద్ధుల్లో 68.3 శాతం. ప్రాంతాల పేదరికాన్ని బట్టి విడదీస్తే కలిగిన ప్రాంతాల్లో 96.6, అతి పేద ప్రాంతాల్లో 90.7. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్న వృద్ధుల్లో కూడా సగటు కంటే తక్కువ.

ఈ అంకెలను ఒకసారి తిరగేసి, టీకా అందనివాళ్ళ వైపు నుంచి చూడండి. శ్వేతజాతి వృద్ధుల్లో నూటికి నలుగురి కంటే తక్కువమంది మిగిలారు. నల్లజాతివాళ్ళలో దాదాపు 32 మంది మిగిలారు. అందినవాళ్ళ శాతాలు పోల్చినప్పుడు 96కు, 68కు మధ్య తేడా ఒకటిన్నర రెట్లయినా లేదనిపిస్తుంది. మిగిలినవాళ్ళను పోలిస్తే ఎనిమిది రెట్లు. వెతకాలనుకునేవాడు ఎప్పుడూ మిగిలినవాళ్ళ శాతాన్నే చూడాలి.

ఈ పనికి కూడా హద్దులున్నాయి. వైద్యుడి దగ్గర పేరే లేనివాళ్ళు ఈ లెక్కలో లేరు. ఊరు మారిన తర్వాతా, చనిపోయిన తర్వాతా కొంతకాలం పేర్లు ఉండిపోయే అవకాశం ఉంది. అప్పుడు హారం ఉబ్బి, మన పట్టణంలో జరిగినదానికి వ్యతిరేకంగా శాతం తగ్గి కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ లెక్క ఎవరు మిగిలారో చెప్పింది, ఎందుకు మిగిలారో చెప్పలేదు. దూరమా, భయమా, వైద్యవ్యవస్థ తమను చిన్నచూపు చూసిందన్న పాత అనుభవమా? అది అడిగి తెలుసుకోవలసిందే. ఇంగ్లండులో మసీదుల్లో, దేవాలయాల్లో, చర్చిల్లో టీకా కేంద్రాలు పెట్టడం అలాంటి అడిగే ప్రయత్నాల్లో ఒకటి.

అడగని ప్రశ్నకు జవాబు రాదు

మరి మన కోవిన్ లెక్కలను అలా విడదీయగలమా? కోవిన్‌లో నమోదుకు పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, గుర్తింపు పత్రం అడిగేవారు. అరవై దాటినవాళ్ళకు మొత్తం ఎన్ని డోసులో తెలుస్తుంది. వాళ్ళలో మంచానపడ్డవాళ్ళెందరు, ఒంటరిగా ఉండే వితంతువులెందరు, గిరిజన గూడేలవాళ్ళెందరు, దళితవాడల వాళ్ళెందరు అంటే పుస్తకం మౌనం వహిస్తుంది. అడగని ప్రశ్నకు ఎంత పెద్ద కంప్యూటరయినా జవాబు చెప్పలేదు.

ఫోన్ సంగతి కూడా చూడండి. మొదట్లో ఒక ఫోన్ నంబరు మీద నలుగురిని నమోదు చేయవచ్చు. 2022 జనవరిలో దాన్ని ఆరుగురికి పెంచారు. చాలా ఇళ్ళలో తాతగారి పేరు మనవడి ఫోన్ మీదే నమోదైంది. మనవడు లేని తాతగారి మాటేమిటి? సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో ఈ డిజిటల్ అంతరాన్ని గట్టిగానే ప్రశ్నించింది. ఆ ప్రశ్న ముఖ్యంగా 18 నుంచి 44 ఏళ్ళవారికి ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేయడం గురించి. 45 దాటినవాళ్ళు నేరుగా కేంద్రానికి వెళ్ళవచ్చు. అయితే నేరుగా వెళ్ళడానికి కాళ్ళు సహకరించాలి కదా.

ప్రభుత్వం ఈ విషయాలు అసలు గుర్తించలేదనడం అన్యాయం. గుర్తింపు పత్రాలు లేని సంచారజాతుల వాళ్ళకు, సాధువులకు, యాచకులకు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళకు టీకా ఎలా వేయాలో 2021 మేలో మార్గదర్శకాలు వచ్చాయి. అదే నెలలో ఇంటికి దగ్గరగా టీకా కేంద్రాలు పెట్టమన్నారు. సెప్టెంబరులో, కదలలేనివాళ్ళకు ఇంటి దగ్గరే టీకా వేయడానికి అనుమతి వచ్చింది. నవంబరులో మొదటి డోసు సగం మందికి కూడా అందని జిల్లాలను లెక్కల్లో గుర్తించి, ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టే 'హర్ ఘర్ దస్తక్' కార్యక్రమం మొదలుపెట్టారు. గణాంకాలను సరైన పనికి వాడడం అంటే ఇదే. నా విమర్శ ఒక్కటే: గుర్తించింది జిల్లాలను. 90 శాతం చూపించే జిల్లాలోని ఆ పదో మండలం ఈ వలలో పడదు.

కదలలేనివాళ్ళ జాబితా ఎక్కడ దొరుకుతుంది? కేరళ అనుభవం గమనించదగ్గది. అక్కడ 2008 నుంచి ప్రభుత్వ విధానంగా ఉపశమన వైద్యం ఉంది. పంచాయతీ స్థాయిలో నర్సులు మంచానపడ్డ రోగుల ఇళ్ళకు వెళ్ళి చూసివస్తుంటారు. 2021 మధ్యలో ఇళ్ళ దగ్గర టీకా వేయాలనుకున్నప్పుడు ఎవరింటికి వెళ్ళాలో వాళ్ళకు ముందే తెలుసు. వేరే పనికోసం ఏళ్ళ తరబడి ఓపిగ్గా రాసిన పేర్లు అక్కరకొచ్చాయి. మంచి హారం ఒక్కరోజులో తయారుకాదు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ప్రతి మనిషి కులం, మతం, జబ్బులు, ఆర్థిక స్థితి అన్నీ ఒకేచోట రాసిపెడితే ప్రమాదం కాదా? ప్రమాదమే. 2023 జూన్‌లో కోవిన్‌లోని వ్యక్తిగత వివరాలు టెలిగ్రామ్‌లో బయటపడుతున్నాయని వార్తలు వచ్చాయి. కోవిన్ భద్రంగానే ఉందని ప్రభుత్వం చెప్పింది. ఏమైనా, ఒకచోట కుప్పపోసిన వివరాలకు కాపలా కష్టమని అందరికీ అర్థమైంది. పైగా ఫలానా వర్గంవాళ్ళు టీకా వేసుకోలేదన్న అంకె చెడ్డచేతుల్లో పడితే అది ఆ వర్గాన్ని నిందించే ఆయుధమవుతుంది. ఓపెన్‌సేఫ్‌లీలో రికార్డులు ఉన్నచోటనే ఉంటాయి. పరిశోధకుడు రాసిన ప్రోగ్రాం అక్కడికి వెళ్ళి లెక్కకట్టి మొత్తాలను మాత్రమే తెస్తుంది. ఎవరి పేరూ బయటికి రాదు. ఏ లెక్క కట్టారో కూడా అందరికీ కనిపిస్తుంది. ఎక్కువ వివరాలు కావాలి, తక్కువమంది చేతికి అందాలి అనే ఈ రెండు కోరికలూ పరస్పర విరుద్ధం కావు.

తెలిసీ చేయకపోతే

గణాంకాలుంటే చాలు, అన్నీ చక్కబడతాయనుకునేవాళ్ళు హాంకాంగ్ సంగతి తెలుసుకోవాలి. అక్కడ లెక్కల్లో లోపమేమీ లేదు. చిన్న నగరం, మంచి రికార్డులు. 2021 డిసెంబరు 23 నాటికి అరవై దాటినవాళ్ళలో రెండు డోసులు వేసుకున్నవాళ్ళు దాదాపు సగం మందే అని, వయసు పెరిగే కొద్దీ ఆ శాతం పడిపోతోందని, వృద్ధాశ్రమాల్లో మరీ తక్కువని అందరికీ తెలుసు. ముసలితనంలో టీకా వికటిస్తుందేమోనన్న భయం కుటుంబాల్లో ఉంది. నగరంలో కోవిడ్ పెద్దగా లేకపోవడంతో తొందరేముందన్న ధీమా కూడా ఉంది.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది. జనవరి 6 నుంచి మార్చి 21 వరకు 5,906 మంది చనిపోయినట్టు నమోదైంది. వాళ్ళలో 96 శాతం అరవై దాటినవాళ్ళు. ఆ వృద్ధుల్లో 70 శాతం మంది ఒక్క డోసు కూడా వేసుకోనివాళ్ళు. టీకా అందుబాటులో ఉంది, డబ్బు అక్కరలేదు, ఎవరికి అందలేదో తెలుసు. పటం చేతిలో ఉండి కూడా దారి నడవకపోతే గమ్యం రాదు.

పటం అంతా ఎరుపయితే

ఇప్పుడు కోవిడ్‌ను పక్కనబెట్టి మిగిలిన టీకాలు చూద్దాం. మన దేశంలో 2017-18లో మొదలైన వృద్ధాప్య అధ్యయనం ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్ర సంస్థ ఆధ్వర్యంలో 45 దాటిన 72 వేల మందికి పైగా మనుషులను ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నించింది. ఆ సమాచారం మీద 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడిన విశ్లేషణ ప్రకారం ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసుకున్నవాళ్ళు 1.5 శాతం, న్యుమోకోకస్ టీకా 0.6 శాతం, టైఫాయిడ్, హెపటైటిస్-బి ఒక్కొక్కటి 1.9 శాతం.

నూటికి ఒకరిద్దరు మాత్రమే వేసుకున్నచోట 'టీకా అందని ప్రాంతం ఏది' అన్న ప్రశ్నకు అర్థం లేదు. పటమంతా ఎరుపే. ఈ టీకాలను వృద్ధులందరికీ ఉచితంగా వేసే జాతీయ కార్యక్రమం ఆ అధ్యయనం నాటికి లేదు. డబ్బు పెట్టి కొనగలవాడు, డాక్టరు చెప్పినవాడు వేయించుకున్నాడు. అలాంటప్పుడు వెనకబడిన వర్గాల అవగాహనా లోపం గురించి వ్యాసాలు రాయడం, నీళ్ళు వదలని కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవాళ్ళను సోమరులనడం లాంటిది. గణాంకం చేతికి రాగానే ముందు వేయవలసిన ప్రశ్న, తప్పు మనుషుల్లో ఉందా, సరఫరాలో ఉందా అని.

పంతొమ్మిది మందిని అడిగితే

ఇన్ని లోపాలు చెప్పిన తర్వాత దారి చూపించకపోవడం న్యాయం కాదు. హారం తెలియనప్పుడు కూడా ఒక ఊరిలో టీకా సరిగ్గా అందిందో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. అది ఆసుపత్రిలో పుట్టలేదు, కార్ఖానాలో పుట్టింది. 1920లలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ అనే ఇద్దరు సరుకు నాణ్యత తనిఖీకి దీన్ని తయారుచేశారు. పెట్టెలోని వస్తువులన్నీ పరీక్షించక్కరలేదు. కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి చూసి, పెట్టె మొత్తాన్ని ఉంచాలో తిప్పి పంపాలో తేల్చవచ్చు. 1980లలో ఆరోగ్య రంగం దీన్ని అందిపుచ్చుకుంది.

ఇలా చేస్తారు. ఊళ్ళో 19 మంది వృద్ధులను యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. లక్ష్యం 80 శాతం. 19 మందిలో కనీసం 13 మందికి టీకా అంది ఉంటే ఊరు పాసు. 12 లేదా అంతకు తక్కువయితే మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాలి. ఇంత చిన్న నమూనాను నమ్మవచ్చా? ద్విపద విభాజనం చదివిన విద్యార్థులు స్వయంగా లెక్కకట్టి చూడండి. ఊళ్ళో నిజంగా 80 శాతం మందికి టీకా అంది ఉంటే, అది పాసయ్యే సంభావ్యత 0.93. నిజంగా సగం మందికే అంది ఉంటే, అది పొరపాటున పాసయ్యే సంభావ్యత 0.08. వెనకబడిన ఊళ్ళలో నూటికి 92 ఈ జల్లెడలో దొరికిపోతాయి. ఒక ఆశా కార్యకర్త, ఒక కాగితం, ఒక పూట. అంతే ఖర్చు.

దీనిలోనూ జాగ్రత్తలున్నాయి. ఆ 19 మంది రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళే కాకూడదు. 'యాదృచ్ఛికం' అనే మాటలోనే ప్రాణమంతా ఉంది. సులువుగా కనిపించేవాళ్ళను ఎంచుకుంటే సులువుగా టీకా అందినవాళ్ళే దొరుకుతారు. ఇళ్ళే లేనివాళ్ళు ఈ జల్లెడలో కూడా జారిపోతారు. ఇది శాతం ఎంతో ఖచ్చితంగా చెప్పదు, ముందు ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. వెతికేవాడికి కావలసింది అదే.

పెద్ద కంప్యూటర్ లెక్కలు, చిన్న ఇంటింటి తనిఖీ ఒకదానికొకటి పోటీ కావు. మొదటిది ఏ దిక్కుకు వెళ్ళాలో చెబుతుంది. రెండోది ఏ గుమ్మం ముందు ఆగాలో చెబుతుంది. మొదటిదాన్ని అద్భుతంగా నిర్మించుకున్న మనం రెండోదాన్ని దానికి జోడించలేదు. కోవిన్ తరహా వేదికలను మిగిలిన టీకాలకూ విస్తరిస్తున్న ఈ కాలంలో ఆ పని ఇప్పుడే చేసుకోవాలి. మరో మహమ్మారి వచ్చాక జాబితాలు రాయడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ఇక మీ పని. ఈసారి పత్రికలో ఏదైనా టీకా శాతం కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. కింది అంకె ఏ సంవత్సరానిది? ఈ సగటును విడదీస్తే ఎవరు బయటపడతారు? మిగిలినవాళ్ళ దగ్గరికి ఎవరైనా వెళ్ళి అడిగారా? తర్వాత మీ వీధిలోనే ఒక్కసారి చూడండి. ఏ ఇంట్లో మంచం దిగలేని పెద్దాయన ఉన్నారో, ఏ గదిలో ఒంటరి ముసలమ్మ ఉందో మీకు తెలుసు. వాళ్ళకు ఏ టీకాలు అందాయో మర్యాదగా అడిగి, అందనివాళ్ళు ఒప్పుకుంటే మీ ఊరి ఏఎన్ఎంకు చెప్పండి.